బీపీ బిళ్లలు ఎవరు పంచాలి?

రాష్ట్రంలో మొట్టమొదటి కరోనా కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి పాజిటివ్ అని తేలగానే ఇల్లిల్లూ తిరగాల్సిన పని పెద్దాసుపత్రి స్పెషలిస్టులది కాలేదు. ఏఎన్‌ఎంలు, ఆశాల నెత్తిన పడింది. ఆ తర్వాత ఫీవర్ సర్వేలు విడతల మీద విడతలు. రోహిణీ కార్తె ఎండలో చెమటకు మాస్కు ముక్కుకు అతుక్కుపోతుంటే ఒక చేతిలో థర్మల్ గన్, చంకలో రిజిస్టరు. నిన్నటిదాకా 'రామ్మా, మజ్జిగ తాగి పో' అన్నవాళ్లలోనే కొందరు గేటు తీయలేదు. మార్చి 22 సాయంత్రం దేశమంతా వైద్య సిబ్బంది కోసం పళ్లేలు మోగించింది. మూడు వారాలకే, కరోనాతో చెన్నైలో కన్నుమూసిన నెల్లూరు డాక్టరు దహనానికి అక్కడివారు అడ్డుపడ్డారు.

ఆ అవమానాలు అందరికీ కనిపించాయి. కనిపించని నష్టం ఇంకోటుంది. ఏఎన్‌ఎంను సర్వేకి, స్వాబ్ క్యాంపుకి, 2021 జనవరి నుంచి వ్యాక్సిన్ డ్యూటీకి పంపితే, ఆమె రోజూ చేసే పని ఎవరు చేయాలి? పసిపిల్లల టీకాలు, గర్భిణుల చెకప్, టీబీ రోగి మందులు, బీపీ, షుగర్ బిళ్లలు... బిళ్ల మానేసిన రోజున మనిషికి ఏమీ అనిపించదు. ఏ రెండేళ్లకో పక్షవాతంగానో, కిడ్నీ జబ్బుగానో బయటపడుతుంది. అది కరోనా లెక్కలోకి ఎక్కదు.

2021 మేలో కరోనాకని కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం వేలమంది ఎగబడితే నవ్వినవాళ్లున్నారు. మేం నవ్వలేం. ఆక్సిజన్ బెడ్ కోసం కాళ్లావేళ్లా పడుతున్న రోజులవి. పైగా, తెలిసిన మనిషి చేతి మందంటే జనానికి గురి. నెలనెలా బిళ్లలిచ్చే చెయ్యే వ్యాక్సిన్ వేస్తే భయం సగం తగ్గుతుంది. మామూలు పని ఆగిపోతే ఆ గురి కూడా పోతుంది.

కాబట్టి మళ్లీ అలాంటి రోజులొస్తే ప్రతి పీహెచ్‌సీలో కొందరిని మామూలు పని నుంచి కదపకూడదు. సర్వేకి విడిగా మనుషుల్ని తీసుకోవాలి. బీపీ, షుగర్ రోగులకు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలి. బస్సులు ఆగిపోతే ఉదయగిరి కొండపల్లెలకు, కనిగిరి ఫ్లోరైడ్ ఊళ్లకు ఆ బిళ్లలు ఎవరు, ఏ బండిలో తీసుకెళ్తారో ఊరి పేరుతో సహా ఆ రెండు ప్రాంతాల కలెక్టరేట్లూ ఇప్పుడే కాగితం మీద పెట్టాలి.