ఎడమ నుంచి కుడికి, వయా ఓరుగల్లు

వరంగల్‌లో బండ్లు రాంగ్ రూట్‌లో ఎందుకొస్తాయో ట్రాఫిక్ పోలీసులకు ఇన్నేళ్లయినా అంతుచిక్కలేదు. పాపం, చలాన్లు రాస్తూనే ఉన్నారు. ఇది శాంతిభద్రతల సమస్య కాదు, లిపి సమస్య అని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ముందు శాస్త్రం సంగతి. 1991లో బార్బరా ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమెతో పాటు ఇంకో ఇద్దరు, చిన్నపిల్లలకు స్టిక్కర్లిచ్చి ఒక పరీక్ష పెట్టారు. కాగితం నడుమ ఉన్నది పగటి అన్నం అనుకుంటే, పొద్దుటి టిఫిన్ ఎటు అంటిస్తావు, రాత్రి భోజనం ఎటు అంటిస్తావు? ఎడమ నుంచి కుడికి రాసే ఇంగ్లిష్ పిల్లలు టిఫిన్‌ను ఎడమకే అంటించారు. కుడి నుంచి ఎడమకు రాసే అరబ్బీ పిల్లలు కుడికి. హీబ్రూ పిల్లలు అటూ ఇటూ ఊగారు. తర్వాత 2003లో ఇటలీలో ఆన్ మాస్ అనే ఆవిడ పరిశోధన ఇంకాస్త లోతుకు పోయింది. ఒకరు పని చేస్తుంటే ఇంకొకరి మీద ఆ పని జరుగుతోంది, ఆ బొమ్మ మనసులో ఎట్లా కనబడుతుంది? ఇటాలియన్లకు చేసేవాడు ఎడమన కనబడ్డాడు, అరబ్బీ వాళ్లకు కుడిన. రాత ఎక్కడ మొదలైతే పెత్తనం అక్కడ కుర్చీ వేసుకుంటుందన్నమాట.

ఈ సిద్ధాంతాన్ని స్థానికంగా రుజువు చేయాలని, ఉర్దూ మీడియంలో చదివిన మా వీధి పెద్దాయన ముందు మూడు ఖాళీ గిన్నెలు పెట్టాను. "తాతా, నడిమిది పగటి అన్నం. పొద్దుగాల చాయ్ ఎటు పెడుతవ్?" ఆయన గిన్నెల దిక్కు చూసి, నా దిక్కు చూసి, "అదంత సరే గని బిడ్డా, చాయ్ ఏది?" అన్నాడు. శాంపిల్ చిన్నది కావడం వల్ల ఈ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

అసలు విషయమేమిటంటే, ఓరుగల్లుకు రెండు చూపులు. వేయిస్తంభాల గుడి దగ్గరి 1163 నాటి శాసనం ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. నిజాం జమానాలో సర్కారు కాగితం కుడి నుంచి ఎడమకు నడిచింది. కోర్టు, కచేరీ, బడి, చివరికి 1918లో వచ్చిన ఉస్మానియా యూనివర్సిటీ కూడా ఉర్దూలోనే. ఇంట్లో పెద్దబాలశిక్ష ఒక దిక్కు, కచేరీలో దరఖాస్తు ఇంకో దిక్కు. ఇందులో మరో కిటుకుంది. ఉర్దూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు పోతాయి గానీ అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే. మాట ఒక దిక్కు, పైకం దానికి ఎదురు దిక్కు! సర్కారు ఉత్తర్వులకూ ఖజానాకూ ఇప్పటికీ పొత్తు కుదరకపోవడానికి ఇంతకన్నా వేరే కారణం నాకు కనిపించలేదు.

కాబట్టి హన్మకొండ చౌరస్తాలో డివైడర్ పక్క నుంచి ఎదురొచ్చే తమ్ముడు నేరస్తుడు కాదు. రెండు లిపుల వారసుడు. అతనికి ఇవ్వాల్సింది చలాన్ కాదు, శాలువా.

ఇక ఫ్లెక్సీలు. ఇటాలియన్లకు ఎందుకంత శ్రమో నాకర్థం కాదు, మన ఫ్లెక్సీ షాపులో ఒక గంట కూర్చుంటే చాలు. ఎడమన పెద్ద నాయకుడు చెయ్యి ఊపుతుంటాడు. కుడిన, పైసలు కట్టినవాడు, చేతులు జోడించి ఉంటాడు. పైన గుండ్రటి బిళ్లల్లో అధిష్ఠానం, అందులోనూ పెద్ద తలకాయ ఎడమ కొసకు. ఈ లెక్క తప్పితే తిప్పలే. ఒక చోటా లీడర్ డిజైనర్ పిల్లగాని భుజం మీద చెయ్యేసి, "తమ్మీ, మావోణ్ణి జర ఎడమకు జరుపు" అంటాడు. ఆ పిల్లగాడు మౌస్ వదలకుండానే, "అన్నా, ఎడమకు జరిపితే ఎమ్మెల్యే సారు చెవు పోతది" అంటాడు. ఎమ్మెల్యే చెవా, కార్పొరేటర్ ఆశా అన్న చర్చ అరగంట సాగుతుంది. చివరికి ఎవరినీ జరపకుండా ఫొటో సైజు పెంచి రాజీ చేస్తారు. పెండ్లి బ్యానర్ ఒక్కటే ఈ శాస్త్రానికి లొంగదు. పిల్ల వాళ్లు అచ్చు వేయిస్తే పిల్ల పేరు ముందు, పిలగాని వాళ్లు వేయిస్తే పిలగాని పేరు ముందు. బిల్లు కట్టినవాడిదే ఎడమ.

రాజకీయాల్లో ఎడమ, కుడి అనే మాటలు 1789లో ఫ్రెంచి సభలో ఎవరెటు కూర్చున్నారన్న దాన్నుంచి పుట్టాయి. అక్కడివాళ్లు కూర్చున్నచోటే కూర్చున్నారు. మనవాళ్లు చదువుకున్నవాళ్లు, వరుస వెంట కదులుతారు. యూనివర్సిటీ హాస్టల్ గోడ మీద ఎర్రరంగుతో మొదలైన వాక్యం, నడుమ రెండు పార్టీల దగ్గర కామా పెట్టుకుని, కుడి అంచున పెట్రోలు బంకు దగ్గర ముగుస్తుంది. తెలుగు వాక్యంలో క్రియ చివరనే కదా వచ్చేది! దీన్ని ఫిరాయింపు అనడం అన్యాయం, వ్యాకరణం అనాలి. కుడి నుంచి ఎడమకు వచ్చినవాడు మాత్రం నాకు ఎక్కడా తగల్లేదు. ఉర్దూ బడులు తగ్గిపోవడం వల్ల కావచ్చు.

ఈ సిద్ధాంతం ఒక్కచోట తడబడింది, పహాణీ అనే భూమి రికార్డు దగ్గర. నిజాం నాటి భూసర్వే కాగితం సేత్వారు ఉర్దూలో ఉంటుంది, కుడి నుంచి చదివాను. భూమి ఎవరిదో తెలిసింది. తర్వాతి పహాణీ తెలుగులో ఉంటుంది, ఎడమ నుంచి చదివాను. పట్టాదారు పేరొక గడిలో, భూమి దున్నుతున్న అనుభవదారు పేరు ఇంకో గడిలో. భూమి రికార్డులు ఆన్‌లైన్‌కెక్కిన ధరణి కాలానికొచ్చేసరికి ఆ రెండో గడే ఎగిరిపోయింది. 2018లో సర్కారు పెట్టుబడి సాయం రైతుబంధు ఎకరాకు, పంటకు 4,000 రూపాయల చొప్పున మొదలైనప్పుడు ఆ పైకం పట్టాదారుకే పోయింది. దున్నుతున్న కౌలుదారు ఎడమన లేడు, కుడిన లేడు.

పాత చైనా పద్ధతిలో పై నుంచి కిందికి రాస్తే దొరుకుతాడేమోనని అదీ ఆలోచించాను. నర్సంపేట దిక్కు మిర్చి వేసే ఒక కౌలు రైతుకు ఈ ప్రతిపాదన వినిపిస్తే, ఆయన బీడీ ఆర్పి ఒక్కటే అడిగాడు: "పైకెల్లి కిందిదాక వొస్తదని ఎవలన్న రాసిస్తరా సారూ?"