చెట్టెక్కిన వైభోగం

అడవిలో, చెట్టు మీద, చెక్క గదిలో ఒక రాత్రి పడుకుంటే భూగోళం కాస్త చల్లబడుతుందని ఇప్పుడు అందరికీ తెలుసు. తెలియనివారి కోసం ట్రీహౌస్ హాస్టళ్లవారు నిచ్చెన మొదట్లోనే బోర్డు పెడుతున్నారు. బ్యాగు పైకి ఎవరు తెస్తారని మాత్రం అడక్కండి. మోత కూడా ఉద్యమంలో భాగమే.

వీరి ఆర్థిక సూత్రం మహత్తరమైనది. మామూలు లాడ్జిలో ఫ్యాను తిరగకపోతే మేనేజరును పిలిచి కడిగేస్తాం. ఇక్కడ ఫ్యానే ఉండదు కాబట్టి అది సహజ వెంటిలేషన్. వేడినీళ్లు రాకపోతే ఇంధన పొదుపు. సిగ్నల్ లేకపోతే డిజిటల్ డిటాక్స్. తలుపుకు గొళ్లెం లేకపోతే సామూహిక జీవనం. ఎన్ని తీసేస్తే అంత రేటు! 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికా పర్యావరణవాది, తువ్వాళ్లు మళ్లీ వాడి ప్రకృతిని కాపాడమని చీటీలు పెట్టే హోటళ్లది గ్రీన్‌వాషింగ్, అంటే పైపైన పూసుకున్న పర్యావరణ ప్రేమ, అని వేలెత్తి చూపాడు. ఆ హోటళ్లు పాపం తువ్వాలైనా ఇచ్చేవి.

అసలు ఘనత మరుగుదొడ్డిది. ఇక్కడ నీళ్లు పొయ్యరు, రంపపు పొట్టు పోస్తారు. దీని వెనక సైన్సుంది, నవ్వకండి. సూక్ష్మజీవులు మన సమర్పణను ఎరువుగా మార్చాలంటే ఒక పాలు నత్రజనికి సుమారు 25 నుంచి 30 పాళ్ల కార్బన్ కావాలి. నత్రజని మన వైపు నుంచి దండిగానే వస్తుంది. కార్బన్‌ను పొట్టు తేవాలి. అది చాలకపోతే మిగిలిన నత్రజని అమ్మోనియా అయి నేరుగా ముక్కు దాకా వస్తుంది. తడి ఎక్కువైతే గాలి ఆడక మరో రకం కంపు. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని కట్టినవారు మూత్రానికి వేరే దారి పెడతారు. ఈ రసాయన శాస్త్రమంతా అర్ధరాత్రి, టార్చి పళ్ల మధ్య పట్టుకుని, నిచ్చెన దిగుతూ గుర్తు చేసుకోవాలి. గుప్పెడు పొట్టుతో సరిపెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ, ఆయన వచ్చి వెళ్లిన సంగతి తర్వాతివారికి తలుపు తియ్యకముందే తెలిసిపోతుంది.

దోమల విషయంలో యాజమాన్యం తటస్థం. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ జాడ పట్టుకునే దోమ వస్తుంది. ఉద్గారాలు తగ్గించుకోనివారికి అక్కడికక్కడే జరిమానా వేసే ఇంత చురుకైన సంస్థ ప్రపంచంలో మరొకటి లేదు.

ఇంతకీ చెట్టును ఎవరైనా అడిగారా? దాని ప్రాణమున్న పొర బెరడు కిందే ఉంటుంది. చుట్టూ తాడో ఇనుప పట్టీయో బిగిస్తే, కాండం లావెక్కే కొద్దీ అది ఉరితాడే. పని తెలిసినవాళ్లు బోలెడు మేకులు కొట్టరు. ఒకటి రెండు లావుపాటి బోల్టులు దింపి, గాలికి చెట్టు ఊగడానికి చోటు వదులుతారు. ఈ ఒక్క పని సరిగ్గా చేసిన హాస్టల్‌కు నేను గొళ్లెం సంగతి మాఫీ చేస్తాను. కానీ ‘చెట్లను ప్రేమించండి’ అన్న బోర్డును చెట్టుకే మేకులతో దిగ్గొట్టిన చోట, అదెలాంటి ప్రేమో చెట్టే చెప్పాలి.

అతిథులదీ తక్కువ త్యాగం కాదు. విమానమెక్కి, ఏసీ కారెక్కి, చివరికి చెట్టెక్కి, వెదురు టూత్‌బ్రష్‌తో ఫొటో దిగుతారు. పవర్‌బ్యాంకులు మాత్రం తలకు రెండు. సోలార్ బ్యాటరీ చీకటి పడ్డాక ఎంతసేపు నిలుస్తుందన్నది సాయంత్రం మబ్బు పట్టాక గానీ ఎవరికీ గుర్తురాదు.

నన్నడిగితే, ఈ రంగంలో అందరికంటే సీనియర్ ఒరాంగుటాన్ అనే వానరం. దాదాపు రోజూ సాయంత్రం కొమ్మలు వంచి, ఆకులు పరిచి కొత్త పడక వేసుకుంటుంది. వాన పడితే ఆకులతో కప్పు కూడా వేసుకుంటుంది. విమానం ఎక్కదు, చార్జర్ అడగదు, గొళ్లెం లేదని గొడవ పడదు. ఇంతకంటే ఆదర్శ అతిథి ఏ హాస్టల్‌కూ దొరకదు. కాకపోతే అడ్వాన్సు కట్టదు.