24 గంటలంటే సుమారుగా 24 గంటలు

మనకు 24 గంటలంటే 24 గంటలే. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం డేటోనా బీచ్‌లో మాత్రం 24 గంటలంటే 23 గంటల 58 నిమిషాల 24.723 సెకన్లు. ఇది నేను కల్పించిన లెక్క కాదు, 2024 జనవరి 28న అక్కడ ముగిసిన 24 గంటల కార్ల రేసు అధికారిక ఫలితాల్లోనే ఉంది. చివర్లో ఆ మూడు దశాంశాలు చూశారా? పోగొట్టిన టైమును కూడా సెకనులో వెయ్యో వంతు దాకా కొలిచి మరీ పోగొట్టారు. అంత నిక్కచ్చి మనుషులు.

ఇంత పాత సంగతి ఇప్పుడెందుకంటే, ప్రతి జనవరిలోనూ ఆ రేసు పోస్టరు మళ్లీ వస్తుంది, దాని మీద 24 అనే అంకె ఏ మాత్రం సిగ్గు లేకుండా నిలబడి ఉంటుంది, నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది.

తెలియనివాళ్లుంటే రెండు ముక్కలు. అమెరికా స్పోర్ట్స్ కార్ల సీజన్ ఏటా ఈ రేసుతోనే మొదలవుతుంది. 1959లో కట్టిన పెద్ద ఓవల్ ట్రాక్, దాని మలుపులు 31 డిగ్రీల వాలు, అంటే పెంకుటింటి కప్పు మీద కారు నడిపినట్టే. ఆ ఓవల్‌కు లోపలున్న మెలికల రోడ్డును కలిపి 3.56 మైళ్ల చుట్టు తయారుచేశారు. ఆ ఏడాది 59 కార్లు, నాలుగు తరగతులు. జనవరి కాబట్టి సగానికి పైగా చీకట్లోనే. మైదానం మధ్యలో రంగులరాట్నం కూడా తిరుగుతుంటుంది, అదొక్కటే అక్కడ నింపాదిగా తిరిగేది.

ఇక ఈ రేసు ఎవరి పేరు మీద నడుస్తుందో కూడా చెప్పాలి. సబ్బుల కంపెనీ కాదు, టైర్ల కంపెనీ కాదు. 1992 నుంచీ రోలెక్స్. గెలిచినవాళ్లకు ఇచ్చేది రోలెక్స్ డేటోనా వాచీ. 1963లో వచ్చిన ఆ వాచీ ప్రత్యేకత ఏమిటంటే అందులో స్టాప్‌వాచ్ ఉంటుంది, ఎంత సేపు గడిచిందో కొలవడానికి. ప్రపంచంలో ఏ రేసు తప్పు టైముకు ముగిసినా క్షమించవచ్చు, ఈ ఒక్కటి తప్ప.

జరిగింది ఇదీ. గడియారంలో ఇంకా మూడు నిమిషాల పైన ఉండగానే నిర్వాహకులు ‘ఇదే ఆఖరి చుట్టు’ అని తెల్ల జెండా ఊపారు. ఒక చుట్టుకు పట్టేది ఇంచుమించు నిమిషం ముప్పై ఆరు సెకన్లు. ముందున్న కారు మళ్లీ గీత దగ్గరికి వచ్చేసరికి ఇంకా 1 నిమిషం 35.277 సెకన్లు మిగిలే ఉన్నాయి. టైము మిగిలుంటే ఇంకో చుట్టు తిరగాలి, అది రేసు. వాళ్లు రేసు ముగిసిందని చెప్పే గళ్ల జెండా ఊపేశారు. అయిపోయింది, ఇంటికి పొండి.

ఆ కంట్రోల్ రూములో ఏం జరిగిందో నాకు తెలియదు. కానీ ఊహించుకోకుండా ఉండలేకపోతున్నాను. ఒక పెద్దాయన, పక్కన ఒక కుర్రాడు, ఎదురుగా గోడంత స్క్రీను, దాని మీద అరచేతంత అంకెల్లో టైము.

‘సార్, ఇంకా మూడు నిమిషాలుంది.’

‘మూడు నిమిషాలంటే ఒక చుట్టేగా?’

‘రెండు పడతాయి సార్.’

‘ఒకటికీ రెండుకూ పెద్ద తేడా ఏముంది బాబూ, నిన్నటి నుంచీ ఏడొందల తొంభై తిరిగారు. జెండా ఎత్తు.’

జెండా లేచింది. కార్లు వచ్చాయి. రెండో జెండా కూడా లేచింది. ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. కుర్రాడు మాత్రం స్క్రీను వంకే చూస్తున్నాడు.

‘సార్, గడియారం ఇంకా తిరుగుతోంది.’

‘అయితే ఆపెయ్.’

‘ఆపకూడదు సార్, స్పాన్సరుగారిది.’

‘సరే, అటు చూడకు.’

మన ఊళ్లో పురోహితుడు రాత్రి 2 గంటల 17 నిమిషాల ముహూర్తానికి 2.15కే జీలకర్ర బెల్లం పెట్టించేశాడనుకోండి, పెళ్లికొడుకు మేనమామ ఏం చేస్తాడు? పోనీ ఆయన్ని వదిలేద్దాం, పెళ్లి ఫొటోగ్రాఫరు కూడా ఊరుకోడు. అక్కడ మాత్రం పొరపాటు జరిగిందని ఒక ప్రకటన ఇచ్చారు, గళ్ల జెండా ఊపాక రేసు ముగిసినట్టేనని రూలు పుస్తకం చూపించారు, ఫలితం ఖాయం చేసి చేతులు దులుపుకున్నారు. జెండా తప్పుగా ఊపినా జెండాయేనట. మరి ఆ లెక్కన మధ్యాహ్నం భోజనాలప్పుడే ఊపేసి ఉంటే అందరికీ నిద్రయినా దక్కేది.

నిద్ర అంటే గుర్తొచ్చింది, నా సంగతి. అక్కడ శనివారం మధ్యాహ్నం 1.40కి మొదలైతే హైదరాబాదులో రాత్రి 12.10. ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చుని, మధ్యలో కునికి, లేచి, మళ్లీ కూర్చుని, ఆదివారం కూరగాయలకు వెళ్లమంటే వినపడనట్టు నటించి, సోమవారం పొద్దున ఆఫీసు ఉందని తెలిసీ మళ్లీ 12.10 దాకా మేలుకున్నాను. నా నిమిషంన్నర పోతే పోనివ్వండి, నేనేం ఇంజన్ విప్పలేదు.

విప్పినవాళ్ల సంగతి ఏమిటి? గళ్ల జెండా పడినప్పుడు మొదటి రెండు కార్ల మధ్య ఉన్న తేడా 2.112 సెకన్లు. ముందు ఫెలిపే నాస్ర్ నడుపుతున్న పోర్షే, వెనక టామ్ బ్లోంక్విస్ట్ నడుపుతున్న కాడిలాక్. రాత్రంతా హెల్మెట్లు పెట్టుకునే టైర్ల మీద తల వాల్చి, పిలుపు రాగానే ఉలిక్కిపడి లేచి చక్రాలు మార్చిన మనుషులు రెండు పక్కలా ఉన్నారు. 791 చుట్లు తిరిగి రెండు సెకన్ల తేడా దాకా తెచ్చారు కదా, ఆ 792వ చుట్టు వాళ్లది కాదా? ఎవడి సొత్తని మింగారు? ఒక చుట్టులో ఏముందిలే అనేవాళ్లు సరిగ్గా ఏడాది వెనక్కి వెళ్లి చూడండి. 2023లో ఇదే రేసులో, ఇదే గీత మీద, ఎల్ఎంపీ2 అనే తరగతి కార్లలో గెలుపు 0.016 సెకనుతో తేలింది. ఆఖరి క్షణంలో దాటేసి గెలిచారు. నిదానంగా పోతున్న కారు ఒక్కటి ‘బస్ స్టాప్’ అని పిలిచే మలుపులో అడ్డం పడితే రెండు సెకన్లు ఎంత సేపు?

పైగా ఈ పెద్దమనుషులే పిట్ లేన్‌లో, అంటే టైర్లూ పెట్రోలూ కోసం కార్లు ఆగే దారిలో, ఎవడైనా గంటకు 60 కిలోమీటర్లు దాటితే చాలు, పట్టుకుని శిక్ష వేస్తారు. డ్రైవరు లెక్క తప్పితే శిక్ష, కంట్రోల్ టవరు లెక్క తప్పితే ప్రకటన. నాకు అసలు మండేది ఇక్కడే. నష్టం ఓడినవాళ్లదే కాదు. నాస్ర్ జట్టు పెన్స్కే ఇక్కడ అంతకుముందు గెలిచింది 1969లో. 55 ఏళ్లు ఆగాక వచ్చిన గెలుపు అది, నాస్ర్ ఆ ఆఖరి చుట్టు కూడా కాచుకునేవాడేమో, కాచుకునే ఉండేవాడని నా నమ్మకం. ఆ సంగతి రుజువు చేసుకునే అవకాశం కూడా లాగేసుకుని, ఆ గెలుపు పక్కన ‘షరతులు వర్తిస్తాయి’ అన్నట్టు చుక్క గుర్తు పెట్టి చేతిలో పెట్టారు. తీసుకోండి, దాంతో పాటు ఓ వాచీ.

1962లో ఇక్కడే మొదటిసారి ఈ రేసు పెట్టినప్పుడు అది మూడు గంటలే. ముందున్న డ్రైవరు డాన్ గర్నీ లోటస్ కారు ఇంజన్ చివరి నిమిషాల్లో చచ్చిపోయింది. ఆయన కారును ట్రాక్ వాలు మీద, ముగింపు గీతకు కాస్త ఇవతల ఆపేసి కూర్చున్నాడు. టైము కాలేదు కదా మరి. మూడు గంటలు నిండాక స్టీరింగ్ ఎడమకు తిప్పితే కారు వాలులో దానంతటదే జారి గీత దాటింది, గెలిచాడు. ఇంజన్ లేని కారు కూడా గడియారం కోసం ఆగింది ఈ ట్రాక్ మీద.

వచ్చే జనవరికి ముందే ఆ టవరుకు కోఠిలో గోడగడియారం ఒకటి కొని పంపుదామనుకుంటున్నాను. గంటకోసారి కోయిల కూసే రకం. పార్సిల్ ఖర్చు గడియారం ధరకు నాలుగింతలవుతుందని మా ఆవిడ అంటోంది. అయినా సరే, సెల్ కూడా వేసే పంపుతాను.