గాల్లో యాలాడే చక్రానికి గన్ను బిగింపు

ఇప్పుడే తాడిపత్రి రోడ్డులో ఒక షెడ్డు కాడ చూసొచ్చినా. కారు లిఫ్టు మీద ఉండాది, వెనక చక్రాలు రెండూ గాల్లో యాలాడతాండాయి. కొత్త యాక్సిల్ బుష్‌లు (యాక్సిల్‌ను బండికి పట్టిచ్చే కాడ ఉండే రబ్బరు ముక్కలు), కొత్త షాక్‌లు (కుదుపు తగ్గిచ్చేటివి). పిల్లోడు గన్ను (బోల్టులు బిగిచ్చే మిషను) పెట్టి బుర్రుబుర్రుమని అన్ని బోల్టులూ అట్లే బిగిచ్చి పారేసినాడు. ఓనరు పక్కన టీ తాగతా "బో స్పీడప్పా నువ్వు" అని మెచ్చుకోలు!

అప్పా, బుష్ అంటే గిర్రున తిరిగేకి బేరింగా? దాంట్లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కోని ఉంటాది. బోల్టు బిగిస్తే గొట్టం బ్రాకెట్టుకు పట్టేస్తాది, ఇంగ యాక్సిల్ ఆడినప్పుడల్లా మెలి తిరగాల్సింది రబ్బరే. చక్రం యాలాడతాండంగా బిగిస్తే, బండి నేలకు దిగంగానే రబ్బరు మెలి తిరిగిపోయి కూర్చుంటాది. బండి ఊరికే నిలబడినా దానికి రెస్టు లేదు. గుంత వచ్చిందంటే ఇంకో మెలిక. చిరగక ఏం చేస్తాది?

విప్పకముందే, బండి నేల మీద ఉన్నప్పుడు, చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలిచి చాక్‌పీసుతో రాసుకోవాల. బోల్టులు ఆనేదాకా తిప్పి వదిలేయాల. మళ్లా రెండు పక్కలా యాక్సిల్ కింద జాక్ ఇచ్చి, బండి లిఫ్టు మీంచి లేయకుండా చూసుకుంటా, అదే కొలత వచ్చినాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తాండామో చూపిచ్చే పానాతో) బిగించాల. ఎంత టార్కో ఆ బండి మాన్యువల్‌లోనే ఉంటాది. టార్క్ రెంచ్ అంటారా, అది మన షెడ్లల్లో ఆయుధ పూజకు బొట్టు పెట్టించుకునేకి తప్ప పెట్టెలోంచి బయటికి రాదు.

షాక్ మీద ఉండే నట్టు కథ ఇంకా ఘోరం. నట్టుతో పాటు రాడ్డు తిరుగుతాందని కటింగ్ ప్లేయరుతో రాడ్డునే పట్టుకున్నాడు మహానుభావుడు! నున్నటి క్రోమ్ మీద ఒక్క గీత పడితే చాలు, అది పైకీ కిందికీ పోయినప్పుడల్లా సీలును కోస్తాది, ఆయిలంతా బయటికే. రాడ్డు కొనను పట్టుకునేకే కంపెనీవోడు అక్కడ చెక్కిచ్చినాడు కదా. స్ప్రింగ్ కొన, అది కూర్చునే కింది గిన్నెలో మెట్టుకు ఆనిందా లేదా చూసినోడు లేడు. పాత బంప్ స్టాప్ (షాక్ పూర్తిగా అణిగి కొట్టుకోకుండా ఆపే దిమ్మ) పిండి మాదిరి రాలతాంటే తుడిచి దాన్నే ఎక్కిచ్చినారు. షాక్‌లు దించినప్పుడు యాక్సిల్ బరువంతా బ్రేకు హోసు (బ్రేకు ఆయిల్ పోయే పైపు) మీదనే. ఓనరు మాత్రం "స్ప్రింగుల మధ్య రబ్బర్లు కూడా ఎయ్యప్పా" అంటాండాడు. డిక్కీలో బండలు తోలేకి కావల్లంట.

రేపు బుష్ చిరిగితే ఏమంటారో తెలుసా? "మన రోడ్లు అట్లాంటివి సార్." ఇదొక్కటి మాత్రం నేనూ ఒప్పుకుంటా. రోడ్లు ఎట్లుండాల్నో రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన లెక్కన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, ఎక్కినా దిగినా నున్నగా ఉండాల. మన వీధుల్లో? జానెడు వెడల్పున సిమెంటు గడ్డ. గీత లేదు, బోర్డు లేదు, ముందు చక్రం తప్పిచ్చినా వెనక యాక్సిల్ దబేల్మని పడాల్సిందే. మా వీధిలోది ఎవరింట్లోనో పెండ్లికి షామియానా ఏసినప్పుడు కట్టింది. ఆ పెండ్లికొడుకు బిడ్డ ఇప్పుడు మూడో తరగతి. గడ్డ అట్లే ఉండాది.