ముందు బాట బాగుపడాలి

సెలవు రోజు వస్తోందంటే చాలు, ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. పేరున్న జలపాతం ఎన్ని కిలోమీటర్లు, పేరున్న కొండకు ఎన్ని గంటలు అని. తెల్లవారకముందే బయల్దేరి, సగం రోజు ప్రయాణంలో గడిపి, బండి నిలిపే చోటు కోసం మరో అరగంట తిరిగి, చివరకు చెట్టు కింద కూర్చునేది గంటో గంటన్నరో. ఇంటికి దగ్గర్లోనే ఉన్న పార్కు, ఊరి అంచున చిన్న గుట్ట, నీటి ఒడ్డున సాగే కాలిబాట మాత్రం ఆ లెక్కల్లోకే రావు. ఎందుకని అడిగితే తరచుగా వినిపించే జవాబు ఒకటే: అక్కడ నడిచేలా లేదు.

ఈ జవాబు తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. ఆరుబయట ఒక రోజు గడపాలన్న కోరిక జనంలో లేక కాదు. దగ్గరి బాటలు కోసుకుపోయి, గేట్లకు తాళాలు పడి, దారి గుర్తులు చెరిగిపోయాయి కాబట్టే ఆ కోరిక దూరాభారాల పాలవుతోంది. కొత్త పార్కులు ప్రకటించడానికి ముందు, ఉన్న కాలిబాటలను బాగుచేసి, ఏటేటా బాగుగా నిలబెట్టాలని మేము కోరుతున్నాం.

దూరపు యాత్రలను మేము తప్పుపట్టడం లేదు. ఏడాదికోసారి పెద్ద కొండను చూసి అబ్బురపడటం మంచిదే. కానీ ఒంటికీ మనసుకూ కావలసింది మళ్ళీమళ్ళీ దొరికే పచ్చదనం. ఇంగ్లండులో దాదాపు 20 వేల మంది నుంచి సేకరించిన వివరాలతో 2019లో ఒక అధ్యయనం వెలువడింది. వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్ళలో తమ ఆరోగ్యం బాగుందని, జీవితం తృప్తిగా ఉందని చెప్పినవారు, అసలే బయటికి వెళ్ళనివాళ్ళలోకన్నా ఎక్కువ. ఆ రెండు గంటలూ ఒక్క విడతలో గడిపినా, కొద్దికొద్దిగా గడిపినా ఫలితంలో తేడా కనిపించలేదు. అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే బయటికి ఎక్కువ వెళ్తారేమో అన్న సందేహం ఇలాంటి అధ్యయనాలకు తప్పదు.

అందుకే చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన ప్రయోగం మాకు మరింత గట్టి సాక్ష్యంగా తోస్తోంది. అక్కడ 12 పాఠశాలలను ఎంచుకుని, సగం బళ్ళలో ఆరేడేళ్ళ పిల్లలకు బడి ఉన్న ప్రతి రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ళలో ఆ పిల్లల్లో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి, అంటే దూరంలో ఉన్నవి మసకగా కనిపించే లోపం, వచ్చింది. మామూలుగా నడిచిన బళ్ళలో అది 39.5 శాతం. 2015లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. రోజూ నలభై నిమిషాల ఆరుబయలు అంటే నాలుగు గంటల దూరంలో ఉన్న కొండ తీర్చగలిగే అవసరం కాదు. ఇంటి వీధి చివర ఉన్న పార్కు తీర్చాల్సిన అవసరం అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం నగరాలకు ఒక కొలత సూచించింది. ప్రతి ఇంటికీ 300 మీటర్లలోపు, అంటే సుమారు అయిదు నిమిషాల నడకలో, అర హెక్టారు నుంచి ఒక హెక్టారు వరకు విస్తీర్ణం ఉన్న పచ్చని బహిరంగ స్థలం ఉండాలని. మంచి కొలతే. కానీ దాన్ని ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలుస్తారన్నది ముఖ్యం. పార్కు గోడ ఇంటి ఎదురుగానే ఉండి, గేటు మాత్రం అవతలి వైపు ఉంటే, మధ్యలో పిల్లలు దాటలేని రోడ్డు ఉంటే, ఆ 300 మీటర్లు మ్యాపు మీదే మిగిలిపోతాయి. కొలత తెరిచి ఉన్న గేటుదాకా తీయాలి.

నడిచేవారికి చోటు దానంతటదే దొరకలేదు. ప్రజల సొమ్ముతో, ప్రజలందరి కోసం నిర్మించిన తొలి పార్కుగా పేరొందిన బర్కెన్‌హెడ్ పార్కు ఇంగ్లండులో 1847లో తెరుచుకుంది. 1850లో దాన్ని చూసిన అమెరికన్ ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, ఆ తరవాత వాస్తుశిల్పి కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి వేసిన ప్రణాళికే 1858లో న్యూయార్క్ సెంట్రల్ పార్కు నిర్మాణానికి ఎంపికైంది. ఆ ప్రణాళికలో మేము మెచ్చే సంగతి ఒకటుంది. నగరపు రద్దీని మోసే అడ్డ రోడ్లను నేల మట్టానికి దిగువన వేసి, బగ్గీల దారి, గుర్రాల దారి, కాలిబాట ఒకదానికొకటి తగలకుండా వంతెనలతో విడదీశారు. నడిచే మనిషి బండికి భయపడి పక్కకు తొలగే అవసరం రాకూడదని నూట అరవై ఏళ్ళ కిందటే అనుకున్నారు. నేడు పార్కు లోపలికి కూడా వాహనాలను రానిస్తున్నవాళ్ళు ఆ పటాన్ని ఒకసారి చూడాలి.

కొండల సంగతి అంత సులువుగా తేలలేదు. ఇంగ్లండులో మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల మధ్య ఉన్న కిండర్ స్కౌట్ అనే పీఠభూమిని భూస్వాములు పక్షుల వేట కోసం అట్టిపెట్టుకుని, జనాన్ని అడుగుపెట్టనిచ్చేవారు కారు. 1932 ఏప్రిల్ 24, ఆదివారం నాడు వందల మంది కార్మిక యువతీయువకులు ఆ నిషేధాన్ని లెక్కచేయకుండా కొండెక్కారు. కాపలాదారులతో తోపులాట జరిగింది. అయిదుగురు జైలుకు వెళ్ళారు. జాతీయ ఉద్యానాల చట్టం 1949లో గాని రాలేదు. 1951లో ఆ దేశపు తొలి జాతీయ ఉద్యానంగా ప్రకటించిన పీక్ డిస్ట్రిక్ట్‌లోనే కిండర్ స్కౌట్ ఉంది. 1965లో ఆ ప్రాంతం నుంచే పెనైన్ వే అనే సుదీర్ఘ కాలిబాట ఉత్తరానికి మొదలైంది.

కథ అక్కడితో సుఖాంతమైందనుకుంటే పొరపాటు. ఆ కొండల పైభాగం చాలాచోట్ల పీట్ నేల, అంటే కుళ్ళిన నాచూ మొక్కలూ వేల ఏళ్ళు పేరుకుని ఏర్పడిన మెత్తటి నల్లమట్టి. హక్కు వచ్చింది, జనం వచ్చారు, నేల తట్టుకోలేకపోయింది. బాట బురదై, బురదను తప్పించుకునే అడుగులతో మరింత వెడల్పై, కొండకు గాయంలా మారింది. చివరకు రాతి పలకలు తెచ్చి పరవాల్సి వచ్చింది. ఆ పలకలు ఎక్కడివో తెలిశాక మేము కాసేపు కదిలిపోయాం. వాటిలో ఎన్నో ఆ చుట్టుపక్కల మూతపడిన బట్టల మిల్లుల నేల నుంచి పెకలించినవి. హెలికాప్టర్లతో మోసుకెళ్ళి పరిచారు. వారమంతా మిల్లుల్లో పనిచేసిన జనం ఆదివారం గాలి కోసం ఎక్కాలని తపించిన కొండల మీద, ఆ మిల్లుల రాళ్ళే ఇప్పుడు బాటయ్యాయి. నడిచే హక్కు కోసం జైలుకు వెళ్ళడం ఎంత అవసరమైందో, ఆ హక్కు కాళ్ళ కింద నిలవడానికి ఒక్కో పలకనూ తెచ్చి పరచడం అంతే అవసరమైంది.

బాట ఎలా చెడుతుందో తెలిస్తే దాన్ని కాపాడటానికి పెద్ద నిధులు అక్కర్లేదని కూడా తెలుస్తుంది. బాటకు అసలు శత్రువు నీరు. నడిచి నడిచి గడ్డి పోయి, మట్టి బిగిసిన చోట వాననీరు ఇంకదు. బాట కాస్త గుంటపడి ఉంటే ఆ గుంటే కాలువ అవుతుంది. బాట నిటారుగా కిందికి దిగుతుంటే నీటికి వేగం పెరిగి, మెత్తటి మట్టిని కొట్టుకుపోయి, రాళ్ళనూ చెట్ల వేళ్ళనూ బయటపెడుతుంది. వాటి మీద కాలు నిలవదు కాబట్టి తరవాత వచ్చేవాళ్ళు పక్కన గడ్డి మీద నడుస్తారు. అక్కడా గడ్డి పోతుంది, అక్కడా నీరు చేరుతుంది. రెండడుగుల బాట కొన్ని వానాకాలాలు గడిచేసరికి బండి దారంత వెడల్పవుతుంది.

అనుభవమున్న పనివాళ్ళు బాటను కొండకు నిటారుగా కాక అడ్డంగా, మెల్లగా ఎక్కేలా తీస్తారు. నీరు బాట వెంట పారకుండా పక్కకు జారిపోయేలా దాన్ని లోయవైపు కొద్దిగా వాల్చుతారు. మధ్యమధ్య రాళ్ళను ఏటవాలుగా అడ్డం పాతి నీటిని బయటికి మళ్ళిస్తారు. ఆ రాళ్ళ దగ్గర పేరుకున్న మట్టినీ ఆకులనూ వానలకు ముందు తీసేస్తారు. పార, గునపం, గంప, పని తెలిసిన చెయ్యి ఉంటే చాలు. ఆ చేతికి విలువ మాత్రం ఎక్కువే. నార్వే కొండల మీద రాతిమెట్లు కట్టడానికి నేపాల్ నుంచి షెర్పా పనివాళ్ళను పిలిపించుకున్నారు. సంపన్న దేశమే ఈ నైపుణ్యాన్ని వెతుక్కుంటూ వెళ్ళిందంటే, దీన్ని చిల్లర పనిగా చూసేవాళ్ళు ఆలోచించుకోవాలి.

నడిచేవాళ్ళ వంతు కూడా ఉంది. బురద కనిపిస్తే పక్కకు తొలగడం అందరికీ అలవాటే. అది మంచితనంలా కనిపిస్తుంది గాని బాటను చంపేది అదే. అసలు తొక్కని నేలకు మొదటి కొద్దిమంది అడుగులే ఎక్కువ నష్టం చేస్తాయి. ఇప్పటికే అరిగిన బాట మీద నూరో మనిషి నడిచినా అదనంగా చెడేది తక్కువ. కాబట్టి చెప్పులు తడిసినా సరే, బురద మధ్యలోంచే నడవండి. మలుపులు తిరిగే బాటలో మలుపుకూ మలుపుకూ మధ్య అడ్డంగా దిగకండి. మీరు ఆదా చేసుకున్న ఒక్క నిమిషం వచ్చే వానకు గండి అవుతుంది. చెత్త వెనక్కి తేవాలని, పాటలు పెట్టి పక్షులను బెదరగొట్టకూడదని, జంతువులకు తిండి వేయకూడదని అందరికీ తెలుసు. తెలిసినదాన్ని పాటించమనే అడుగుతున్నాం.

దగ్గరి గుట్టే కదా అని తయారీ లేకుండా వెళ్ళడమూ మంచిది కాదు. స్కాట్లండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. 10 కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కాల్సి ఉంటే రెండున్నర గంటలన్నమాట. ఇది ఆగకుండా నడిచే గట్టివాళ్ళ లెక్క. వెంట పిల్లలో పెద్దలో ఉంటే అందరికన్నా మెల్లగా నడిచేవారి వేగమే మీ వేగం. ఎన్నింటికి వెనుదిరగాలో బయల్దేరేటప్పుడే అనుకుని, శిఖరం పది నిమిషాల్లో ఉన్నా సరే ఆ వేళకు తిరగండి. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నట్టు. వెంటనే ఎత్తయిన చోటు నుంచి దిగండి, ఒంటరి చెట్టు కిందికి మాత్రం వెళ్ళకండి.

ఇంత చెప్పినా కొందరు ఆ బాట మీదికే రాలేకపోతున్నారు. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11వది, 2030 నాటికి అందరికీ సురక్షితమైన పచ్చని బహిరంగ స్థలాలు అందుబాటులోకి రావాలంటూ మహిళలు, పిల్లలు, వృద్ధులు, వైకల్యం ఉన్నవారిని ప్రత్యేకంగా ప్రస్తావించింది. 2030 ఎంతో దూరంలో లేదు. శుభ్రమైన మరుగుదొడ్డి లేని పార్కులో ఒక మహిళ ఎంతసేపు ఉండగలదు? కూర్చునే బల్ల లేని కిలోమీటరు బాట మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయనకు మూసిన గేటుతో సమానం. మోటారు సైకిళ్ళు రాకుండా గేటు దగ్గర పాతిన ఇనుప కడ్డీలు చక్రాల కుర్చీని కూడా ఆపేస్తున్నాయి. కడ్డీల మధ్య ఎడం ఎంత ఉండాలో పాతేముందు చక్రాల కుర్చీ వాడేవారిని ఒక్కరినైనా అడిగి ఉంటే సరిపోయేది.

డబ్బు లేదన్న మాటను మేము పూర్తిగా ఒప్పుకోలేం. స్వాగత తోరణాలకు, రంగుల దీపాలకు, ఫౌంటెన్లకు దొరికే డబ్బు కాలువ పూడిక తీయడానికి దొరకడం లేదు. తోరణానికి ప్రారంభోత్సవం ఉంటుంది, పూడికతీతకు ఉండదు. అమెరికాలో బెంటన్ మెకాయ్ 1921లో ప్రతిపాదించగా 1937 నాటికి పూర్తయిన అపలాచియన్ ట్రెయిల్ అనే కాలిబాట సుమారు 3,500 కిలోమీటర్ల పొడవు. దాని ఆలనాపాలనా చాలావరకు చూసేది స్థానిక నడక సంఘాల స్వచ్ఛంద సేవకులే, ఒక్కో సంఘం ఒక్కో ముక్క బాధ్యత తీసుకుని. అయితే సేవకులు ఉన్నారు కదా అని జీతమిచ్చి పెట్టాల్సిన తోటమాలినీ కాపలాదారునూ తీసేయడం మోసం. సంఘాలు తోడుగా ఉండాలి, పూచీ పాలకులదే కావాలి.

కాబట్టి స్థానిక పాలకులను మేము అడిగేవి కొన్నే. పార్కుల పద్దులో కొత్త నిర్మాణానికీ బాటల మరమ్మతుకూ వేర్వేరు ఖాతాలు పెట్టి, రెండోదాన్ని మొదటిదానికి మళ్ళించకుండా కట్టడి చేయండి. గేట్లు తెల్లవారగానే తెరిచి, పొద్దుగూకేదాకా తెరిచే ఉంచండి. గేటు దగ్గర బోర్డు మీద బాట పొడవు, ఎక్కాల్సిన ఎత్తు, పట్టే సమయంతో పాటు చివరిసారి మరమ్మతు చేసిన తేదీ కూడా రాయండి. ఈ ఏడాది మొదటి పెద్ద వాన పడిన రోజున, వాన వెలియగానే, ఇంజనీరును, తోటమాలిని, రోజూ అక్కడ నడిచే నలుగురిని వెంటబెట్టుకుని ఆ బాట మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడవండి. నీరు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ కోస్తోందో ఆ గంటలో కంటికి కనిపిస్తుంది. ఆ చోట్ల సున్నంతో గుర్తులు పెట్టించి, మర్నాడు పనివాళ్ళను పంపండి.