వీడా, వీని కన్నవారా?

మా అబ్బాయికి ఆటిజం అని తేలిన నెలలోనే ఓ పెద్దాయన మా ఇంటికి ప్రార్థనకు వచ్చారు. ఎంతో ప్రేమగా వచ్చారు. మూడేళ్ల పిల్లాడి నుదుటికి నూనె రాసి, తలమీద చెయ్యి పెట్టి, అరగంట కన్నీళ్లతో ప్రార్థించారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, మీ ఇద్దరి జీవితాల్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి" అన్నారు. ఆ రాత్రి మా ఆయనా నేనూ మాట్లాడుకోలేదు. ఎవరికి వాళ్లం పాత తప్పులన్నీ గుర్తు చేసుకుంటూ పడుకున్నాం. ఇప్పుడు మా వాడికి 14 ఏళ్లు. ఆ మాట నాకింకా గుర్తొస్తూనే ఉంటుంది.

ఈ పత్రిక చదివేవాళ్లలో క్రైస్తవులు కొద్దిమందే కావచ్చు. కానీ ఇలాంటి బిడ్డ పుట్టిన ఏ తెలుగింట్లోనైనా ఈ ప్రశ్న వినిపిస్తుంది. ఒక ఇంట్లో పూర్వజన్మ కర్మ అంటారు, ఇంకో ఇంట్లో ఎవరి దిష్టో తగిలిందంటారు. మా క్రైస్తవుల ఇళ్లల్లో విశ్వాసం చాల్లేదంటారు. మూడింటిలోనూ తల్లిదండ్రులే దోషులు, అందులోనూ ముందు తల్లి.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఈ ప్రశ్నే ఉంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారు, "వీడా, వీని కన్నవారా?" అని అడిగింది శత్రువులు కాదు, యేసు వెంట తిరిగిన శిష్యులే. వీడూ కాదు, వీణ్ణి కన్నవాళ్లూ కాదు అని ఆయన అక్కడికక్కడే తేల్చి చెప్పాడు. గుంటూరులో సండే స్కూల్ రోజుల నుంచీ ఈ అధ్యాయం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. దాదాపు అందరూ అతను సిలోయము కోనేటిలో కడుక్కుని చూపు పొందిన చోటికి త్వరత్వరగా వెళ్లిపోతారు. యేసు ఇచ్చిన ఆ జవాబున్న మూడో వచనం దగ్గర కాసేపు ఆగినవాళ్లు నాకు తక్కువే కనిపించారు.

అదే అధ్యాయంలో ఆ తల్లిదండ్రులు కూడా ఉన్నారు. మతపెద్దలు వాళ్లను పిలిపించి నిలదీస్తారు. యూదుల ప్రార్థనాస్థలమైన సమాజమందిరం నుంచి వెలివేస్తారేమోనన్న భయంతో, "వాడు పెద్దవాడే, వాణ్ణే అడగండి" అని తప్పించుకుంటారు. చిన్నప్పుడు వాళ్లు పిరికివాళ్లనుకున్నాను. ఇప్పుడు ఆ వచనాలు చదివితే ఏడుపొస్తుంది. బిడ్డకు చూపొచ్చిన రోజున కూడా పండగ చేసుకోలేనంతగా బెదిరిపోయి ఉన్నారు వాళ్లు.

మమ్మల్ని ఎవరూ వెలివేయలేదు. మేమే చర్చికి వెళ్లడం మానేశాం. డల్లాస్ దగ్గర మేం వెళ్లే తెలుగు సహవాసం ఓ అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం కూడుకుంటుంది. కీబోర్డు, డ్రమ్ ప్యాడ్, నాలుగు స్పీకర్లు. మొదటి పాటకే మా వాడు చెవులు మూసుకుని కేక పెట్టేవాడు. తలలన్నీ మా వైపు తిరిగేవి. ఒక్కరూ ఒక్క మాట అనలేదు, ఆ చూపులకే నాకు చెమటలు పట్టేవి. రెండేళ్లు నేను ప్రసంగం కారులో కూర్చుని విన్నాను. తర్వాత అదీ మానేసి ఇంట్లో ఆన్‌లైన్ ఆరాధనతో సరిపెట్టుకున్నాం.

అదే సమయంలో స్కూల్లో ఏం జరిగిందో చెప్పాలి. 1975లో వచ్చిన ఫెడరల్ చట్టం వల్ల ఇక్కడ ప్రభుత్వ బడి ఏ వైకల్యం ఉన్న పిల్లవాణ్ణీ కాదనకూడదు. వాడికి సరిపడే చదువు ప్రణాళిక, అంటే ఐఈపీ, తల్లిదండ్రులతో కూర్చుని రాయాలి. మా టెక్సాస్‌లో ఆ సమావేశాన్ని ఏఆర్‌డీ మీటింగ్ అంటారు. టెన్షన్‌తో వెళ్లాను. ఆ టేబుల్ చుట్టూ ఆరుగురు కూర్చుని, మీ వాడికి ఏది ఇష్టం, ఏ శబ్దం పడదు అని అడిగి రాసుకున్నారు. మా వీసా సంగతి ఎవరూ అడగలేదు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు చాలామంది హెచ్-1బీ మీద ఉన్నాం కదా, మనకెందుకిస్తారులే అని అడగరు. దయచేసి అడగండి. ఐఈపీకి వీసాతో పని లేదు. మూడేళ్లు నిండకపోతే పసిపిల్లలకు ముందుగానే సాయం అందించే రాష్ట్రం వారి ఎర్లీ ఇంటర్వెన్షన్‌కు, నిండితే మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కు ఇవాళే ఫోన్ చేయండి. రోగం నయం కావాలని చేసే ప్రార్థన సభ, అంటే స్వస్థత కూటం, అయ్యాక చూద్దామని ఏడాది ఆగిన ఇల్లు నాకు తెలుసు. ప్రార్థన, స్పీచ్ థెరపీ ఒకేరోజు మొదలుపెట్టొచ్చు.

వికలాంగుల హక్కుల కోసం 1990లో వచ్చిన ఏడీఏ చట్టం హోటళ్లకూ సినిమాహాళ్లకూ షాపులకూ వర్తిస్తుంది. మత సంస్థలకు మాత్రం అందులో మినహాయింపు ఉంది. ఈ సంగతి తెలిసినప్పుడు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా వాణ్ణి సినిమాహాలు కాదనకూడదు, చర్చి కాదనొచ్చు. చర్చిలో వాడికి చోటు దొరికితే అది విశ్వాసులు ప్రేమతో ఇచ్చిందే అవుతుంది. అందుకే ఈ వ్యాసం హక్కు అడుగుతూ కాదు, మనవి చేసుకుంటూ రాస్తున్నాను.

స్వస్థత కోసం ప్రార్థించొద్దని నేననడం లేదు. నేనూ రోజూ ప్రార్థిస్తాను. కానీ దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో మైకు ఎవరికి ఇస్తున్నామో చూడండి. రోగం పోయినవాళ్లకు, ఉద్యోగం వచ్చినవాళ్లకు, గ్రీన్ కార్డు చేతికందినవాళ్లకు. బైబిల్లో అపొస్తలుడైన పౌలు తనను బాధించే ఓ కష్టాన్ని ముల్లు అన్నాడు, దాన్ని తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. పదకొండేళ్లుగా ఆ కృపతోనే బతుకుతున్న ఇల్లు కూడా సాక్ష్యమే కదా? రాత్రి రెండింటికి లేచి గంతులేసే పిల్లాడితో పాటు మేలుకుని, పొద్దున్నే ఆఫీసుకు వెళ్లే తండ్రి ఇంతవరకూ ఏ మైకులోనూ మాట్లాడలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ బైబిల్లో సౌలు రాజు మనవడు మెఫీబోషెతుది. ఐదేళ్లవాడిగా ఉన్నప్పుడు దాది ఎత్తుకుని పారిపోతుంటే కిందపడి రెండు కాళ్లూ కుంటివయ్యాయి. ఏళ్ల తర్వాత దావీదు రాజు అతణ్ణి లోదెబారు అనే ఊరి నుంచి పిలిపించి, ఇకమీదట నా బల్ల దగ్గరే భోజనం చెయ్యి అంటాడు. రెండో సమూయేలు 9వ అధ్యాయం చివరి వచనం వరకూ చదవండి. అతను ఎప్పుడూ రాజు బల్ల దగ్గరే తిన్నాడని రాసి, రెండు కాళ్లూ కుంటివని మళ్లీ రాశారు. కాళ్లు బాగుపడలేదు. బల్ల దగ్గర చోటు దొరికింది.

మా పాస్టర్ గారు ఓ రోజు ఇంటికొచ్చి అడిగినప్పుడు నేను చెప్పినవి చిన్నవే. మొదటి రెండు పాటలకు స్పీకర్ తగ్గించండి. వెనక గదిలో ఓ టీవీ పెట్టండి. బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయినవాళ్లు ఒకరు ప్రతివారం మా వాడితో ఉండాలి, మనిషి మారకూడదు. నెలలోపే మూడూ జరిగాయి. మేం మళ్లీ వెళ్తున్నాం. సండే స్కూల్‌లో చెప్పే ఓ అక్క వాడితో కారిడార్‌లో నడుస్తూ సగం ఆరాధన వదులుకుంటుంది. మొదటిరోజు నేను హాల్లో కూర్చుని పూర్తి ప్రసంగం విన్నాను. ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు, పక్కన మా ఆయన ఉన్నాడన్నది మాత్రం గుర్తుంది.

ఇంకా తేలనిది బాప్తిస్మం. మా సంఘంలో యేసును నమ్ముతున్నానని నోటితో ఒప్పుకున్నాకే ఇస్తారు. మా వాడికి మాట లేదు. ట్యాబ్లెట్‌లో బొమ్మ నొక్కితే అది పలుకుతుంది. నిద్రపోయే ముందు వాడంతట వాడే "యేసు" బొమ్మ నొక్కుతాడు, ఒక్కోసారి ఐదారుసార్లు. ఆ ట్యాబ్లెట్టే వాడి నోరని నేనంటాను. పెద్దలు ఇంకా ఆలోచిస్తున్నారు. తొందరపెట్టడం లేదు కానీ, అడగడం మానను.

మాలాగే రావడం మానేసిన కుటుంబం ఒకటుంది, మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం. పాపకు ఆరేళ్లు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆ అక్కా నేనూ వాళ్లింటికి వెళ్తున్నాం. పాపకు ఏ శబ్దం పడదో, ఏది ఇష్టమో అడిగి రాసుకొస్తాం.