సున్నం కొట్టిన సర్క్యూట్‌కు సన్మానం

మారియో కార్ట్ డీఎస్ అనే బుల్లి కార్ల పందెం ఆటకు మరో ‘సరికొత్త ట్రాక్’ విడుదలైంది. నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టుకునే గేమ్ యంత్రం కోసం ఆ ఆట 2005లో వచ్చింది. నింటెండో దాని ఆన్‌లైన్ సర్వర్లను 2014 మేలో మూసేసింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా దానికి ట్రాకులు చేసేవాళ్ళున్నారంటే ఎవరికైనా సంతోషమే. తీరా తెరిచి చూస్తే అది ఆటలో మొదటినుంచీ ఉన్న, ఎనిమిది అంకె ఆకారపు ఫిగర్-8 సర్క్యూట్. అదే వంతెన, అవే మలుపులు, అవే మూడు ల్యాపులు. గడ్డి మాత్రం ఊదా రంగులో ఉంది, ఆకాశం నారింజ రంగులో ఉంది. రోడ్డు పక్క బోర్డు మీద, ఆటను మార్చిన మాడర్ గారి పేరు ధగధగలాడుతోంది. పాత ఇంటికి సున్నం కొట్టి గృహప్రవేశం కార్డులు పంచారన్నమాట.

దీన్ని చూసి చాలామంది విసుక్కుంటున్నారు. నేను విసుక్కోను. ఇంత తక్కువ పనికి ‘సరికొత్త’ అనే మాట వాడగలగడం మామూలు ప్రతిభ కాదు. దానికి శాలువా కప్పాల్సిందే. అయితే సన్మానపత్రంలో రాయడానికి వివరాలు కావాలి కదా, అవి చూద్దాం.

సొంత క్యాట్రిడ్జ్‌ను డీఎస్ తర్వాతి యంత్రమైన 3డీఎస్‌లో పెట్టి గాడ్‌మోడ్9 అనే పరికరంతో డంప్ చేసుకోవడం, అంటే ఆటను ఫైలుగా నకలు తీసుకోవడం, మొదటి మెట్టు. మాడర్ గారు ఆ మెట్టెక్కరు, ఎవరో ఎక్కడో పెట్టిన రోమ్, అంటే అలాంటి నకలు ఫైలు, ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది. దాన్ని ఎన్‌డీఎస్‌టూల్, టింకే లాంటి పరికరాలతో విప్పితే డేటా ఫోల్డర్లో కోర్స్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. ఒక్కో ట్రాకుకు రెండేసి సీఏఆర్‌సీ ఫైళ్ళు, అంటే లోపలి ఫైళ్ళను కుదించి కట్టిన మూటలు. ఫిగర్-8 ఫైలు పేరు ‘క్రాస్ కోర్స్’. మోడల్, ఢీకొనే తలాలు, ట్రాక్ లెక్కలు అన్నీ మొదటి ఫైల్లో ఉంటాయి. రెండోది పేరు చివర ‘టెక్స్’ అని ఉన్నది, అందులో రంగుల బొమ్మలుంటాయి. మన కళాకారుడు మొదటి ఫైలు జోలికి పోరు. దాన్ని చూస్తే ఆయనకు భయం, ఆ భయం న్యాయమైనదే.

రెండో ఫైల్లో ఆయన చేసేది ఎంతో లెక్క కడదాం. 16 రంగుల గడ్డి బొమ్మకు ఒక రంగుల పట్టిక ఉంటుంది. ఒక్కో రంగుకు 2 బైట్లు, మొత్తం 32 బైట్లు. పచ్చగడ్డి ఊదాగడ్డి కావడానికి మార్చాల్సింది అంతే. మీరిప్పుడు చదువుతున్న ఈ వాక్యం అంతకన్నా చాలా పెద్దది.

పేరున్న బోర్డు దగ్గర మాత్రం ఆయన వెనకాడలేదు. సొంత పేరు మసకగా కనబడితే ఎలా? నాణ్యత అడిగినచోట అన్నిటికన్నా పైనున్నది నొక్కారు. 256×256 బొమ్మను పట్టిక లేకుండా నేరుగా రంగులతోనే పెడితే పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున 128 కేబీ అవుతుంది. డీఎస్‌లో టెక్స్చర్లకు ఇవ్వగలిగిన వీడియో మెమరీ 128 కేబీల గదులు నాలుగు, అంటే 512 కేబీ. అందులో ఒక గది నిండా మాడర్ గారి పేరే. రోడ్డు, ఆకాశం, చెట్లు, ఎనిమిది కార్ట్‌లు, వాటి చక్రాలు, పొగ మిగిలిన చోట సర్దుకోవాలి. 16 రంగుల్లో పెట్టుంటే అదే బొమ్మ 32 కేబీలో, 4×4 కుదింపులో పెట్టుంటే 24 కేబీలో అయిపోయేది. చోటు చాలక లోడింగ్ దగ్గరే ఆట బిగుసుకుపోతే ‘మీ కన్సోల్ పాతది’ అని సమాధానం వస్తుంది. అన్ని డీఎస్‌లూ పాతవే నాయనా. 

దాని మీద ‘టెస్టెడ్, వంద శాతం వర్కింగ్’ అని ముద్ర. ఎక్కడ టెస్ట్ చేశారంటే ఫోన్లో, డీఎస్‌ను అనుకరించే ఎమ్యులేటర్ మీద, రిజల్యూషన్ నాలుగింతలు పెంచుకుని. మన దగ్గర అసలు డీఎస్ చేతిలో పట్టుకున్నవాళ్ళు తక్కువ కాబట్టి ఈ ముద్రను ఎవరూ శంకించరు. అసలు యంత్రం ఒక ఫ్రేముకు 2048 పాలిగన్లు (బొమ్మను కట్టే ముక్కలు), 6144 వర్టెక్సులు (వాటి మూలలు) మాత్రమే పట్టుకుంటుంది. అవి నిండాక వచ్చినవాటిని గీయదు, అక్కడ రోడ్డుకు చిల్లులు కనిపిస్తాయి. కొన్ని ఎమ్యులేటర్లు ఈ హద్దును పట్టించుకోవు. ఫోన్లో నిండుగా కనబడే ట్రాక్ డీఎస్‌లో ఎలకలు కొరికిన చాపలా ఎందుకుందో మాడర్ గారికి ఈ జన్మలో తెలియదు.

ఇదంతా మొదటి తరగతి. రెండో తరగతి కళాకారులు వీళ్ళకన్నా ధైర్యవంతులు. రంగులతో ఆగరు, ఏకంగా మోడల్ మార్చేస్తారు. బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాంలో కొండ, సరస్సు, తిన్నగా పోయే నాలుగు లేన్ల రహదారి గీసి, ఎంకేడీఎస్ కోర్స్ మాడిఫయర్ అనే పరికరంలో ఎన్‌ఎస్‌బీఎండీగా, అంటే డీఎస్ చదివే మోడల్ ఫైలుగా మార్చి, పాత మోడల్ స్థానంలో పెడతారు. ఢీకొనే తలాలుండే కేసీఎల్ ఫైలును, ట్రాక్ లెక్కలుండే ఎన్‌కేఎం ఫైలును పాతవే ఉంచేస్తారు. ఆ తర్వాత జరిగే పందెం చూసి తీరాలి.

దీపాలు వెలుగుతాయి. ఎనిమిది కార్ట్‌లూ బయల్దేరతాయి. ఎదురుగా కొత్త రహదారి, అద్దంలా ఉంది. కంప్యూటర్ నడిపే ఏడుగురూ కాస్త దూరం పోయాక, ఏ మలుపూ లేని చోట, క్రమశిక్షణగా ఒకరి వెనక ఒకరు పక్కకు తిరిగి సరస్సులోకి వెళ్ళిపోతారు. నీళ్ళు చిందవు. వాళ్ళ చక్రాల కింద పాత ఫిగర్-8 రోడ్డు ఉంది, వాళ్ళకు అదొక్కటే తెలుసు. సరస్సు మధ్యలో డ్రిఫ్ట్ కూడా చేస్తారు, ఎందుకంటే పాత దారి బిందువుల్లో అక్కడ డ్రిఫ్ట్ చెయ్యమని రాసుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే గాల్లోకి ఎక్కుతారు. అది వంతెన, కనబడదు. సరిగ్గా ఆ కిందుగా, చెరువు నీళ్ళ మీద వెనకబడ్డ ఇద్దరు అడ్డంగా దాటుతుంటారు. ఐటమ్ పెట్టెలు కొండ కడుపులో ఉన్నాయి. ఏడుగురూ ఒక వైపు నుంచి కొండలోకి చొచ్చుకెళ్ళి అరటితొక్కలతో, పుట్టగొడుగులతో అవతల వైపు తేలతారు. మీరేమో అమాయకంగా కళ్ళకు కనబడే రోడ్డు మీద తిన్నగా పోతారు. నడి రోడ్డు మీద ఏమీ లేనిదాన్ని గుద్దుకుంటారు. అది పాత ట్రాక్ అంచు గోడ. వెనక్కొచ్చి మళ్ళీ గుద్దుతారు. మీ వెనకెవరో వదిలిన రెడ్ షెల్, అంటే ముందున్నవాడిని తరిమే ఎర్ర చిప్ప, పాత దారి పట్టుకుని కొండలోంచి దూసుకొచ్చి తగులుతుంది. దారి దొరక్క వెనక్కి తిరిగితే మబ్బు మీద తిరిగే రిఫరీ లాకిటు దిగి, దారి తప్పారని బోర్డు చూపిస్తాడు. కింది తెరమీది మ్యాప్‌లో ఎనిమిది అంకె చక్కగా కనబడుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ బొమ్మనూ ఎవరూ మార్చలేదు. రోడ్డు కనబడే చోట రోడ్డు లేదు, ఉన్న చోట కనబడదు. మీరు ఎనిమిదో స్థానంలో ఉన్నారు.

అందుకే ఈ ట్రాకుల వీడియోలన్నీ మొదటి మలుపు ముందే అయిపోతాయి. అందులోనూ సగం టైటిల్ కార్డు.

మాడర్లు భయపడి వదిలేసిన ఆ కేసీఎల్, ఎన్‌కేఎం ఫైళ్ళలోనే ట్రాక్ అనేది ఉంటుంది. కేసీఎల్ అంటే కంటికి కనబడని త్రిభుజాల ఊరు. చూపుకు గీసిన మోడల్‌ను అలాగే దింపెయ్యకూడదు, ఢీకొనడానికి వేరుగా సులభమైన మోడల్ కట్టుకోవాలి. పూల కుండీ అంచులన్నీ త్రిభుజాలైతే కార్ట్ వాటికి తగిలి గింగిరాలు తిరుగుతుంది. ఒక్కో త్రిభుజానికి 16 బిట్ల గుర్తు ఉంటుంది: ఇది రోడ్డు, ఇది గడ్డి, ఇది గోడ, ఇది బూస్ట్ ఇచ్చే పట్టీ, దీని కిందకి పోతే లాకిటు ఎత్తాలి అని. మోడల్ ఉండే ఓబీజే ఫైల్లో మెటీరియల్ (పూత) పేర్లు వేరువేరుగా పెట్టుకోకపోతే మార్చేటప్పుడు గోడకూ రోడ్డుకూ ఒకే గుర్తు పడుతుంది. త్రిభుజానికి ఒక్క ముఖమే ఉంటుంది. నార్మల్, అంటే ఆ ముఖం చూసే దిక్కు, తిరగబడితే ఆ ముక్క మీద కార్ట్ నిలబడదు, జారి కిందికి పోతుంది. సూదిలా సన్నని త్రిభుజాలు, వైశాల్యం లేని త్రిభుజాలు ఏరి పారెయ్యాలి. ఇన్ని చేశాక కూడా ఎక్కడో ఒక అతుకు దగ్గర కార్ట్ ఎగిరిపడుతుంది. దాన్ని పట్టుకోవాలంటే అదే మలుపు అన్ని వేగాలతో, అన్ని బరువుల కార్ట్‌లతో తిరగాలి.

ఎన్‌కేఎం సంగతి ఇంకా ఓపిక పని. మొదలయ్యే చోటు, పడిపోతే తిరిగి దించే చోట్లు, ఐటమ్ దారి, కంప్యూటర్ కార్ట్‌ల దారి, కెమెరాలు, చెక్‌పాయింట్లు. చెక్‌పాయింట్ అంటే పైనుంచి చూసినప్పుడు రెండు బిందువుల మధ్య గీత. అందులో ఎత్తు ఉండదు, అడ్డం నిలువు కొలతలే. ఫిగర్-8లా దారి దారిని దాటే చోట పై రోడ్డు గీతలు, కింది రోడ్డు గీతలు ఒకదాని మీద ఒకటి పడకుండా, వరుస తప్పకుండా అల్లాలి. కొన్నిటిని కీలకమైనవిగా గుర్తుపెట్టాలి. అవి వరుసగా దాటితేనే ల్యాపు లెక్కకొస్తుంది. తక్కువ పెడితే అడ్డదారిన పోయినవాడికీ ల్యాపు వస్తుంది. న్యాయంగా తిరిగేవాడి దారిలో లేని చోట పెడితే వాడికి మూడో ల్యాపు ఎన్నటికీ రాదు. మీరు మొదటి స్థానంలో ఉన్నారా, ఎనిమిదిలోనా అన్న తీర్పు కూడా ఈ గీతలదే. ఒక్కో చెక్‌పాయింటు 36 బైట్లు. అంటే గడ్డికి రంగు మార్చిన మొత్తం శ్రమకన్నా ఒక్క గీత నాలుగు బైట్లు ఎక్కువ.

ఇదంతా చేసేవాళ్ళున్నారు. ఊరికే చేస్తారు. చేసి, నింటెండో ఆటలో ఒక్క బైటు కూడా పంచకుండా, తేడా మాత్రం ఉన్న ఎక్స్‌డెల్టా ప్యాచ్ పెడతారు. మీ సొంత డంప్ మీద వేసుకోవాలి. మూల రోమ్ బైటుకు బైటు సరిపోవాలి. అమెరికా ప్యాచ్‌ను యూరప్ రోమ్ మీద వేసినా, చివరి ఖాళీ కత్తిరించిన రోమ్ మీద వేసినా చెక్‌సమ్ (ఫైలును సరిచూసే అంకె) కలవలేదని ఆగిపోతుంది. పక్కనే ఒక రీడ్‌మీ ఉంటుంది. మోడల్ ఎవరిది, సంగీతం ఎవరిది, ఆడి చూసి తప్పులు చెప్పినవాళ్ళెవరు, అమ్మకండి, మీ పేరు పెట్టుకోకండి అని పది వరుసలు.

ఆ పది వరుసలు చెరిపేసేవాళ్ళ దగ్గర నాకు నవ్వు రావడం లేదు. ప్యాచ్ వేసిన రోమ్‌ను మొత్తంగా తీసుకుని, రీడ్‌మీ పారేసి, టైటిల్ తెర మీద సొంత ఛానల్ పేరు అతికించి ‘నా ప్యాక్’ అనేవాడికి ఎన్‌కేఎంలో ఒక్క గీత గీయడం రాదు. రాకపోవడం తప్పు కాదు. గీసినవాడి పేరు తుడవడం దొంగతనం. దానికి ఇంకో పేరు లేదు. 3డీఎస్‌కి వచ్చేసరికి ఈ దొంగతనానికి ధర కూడా ఉంది. సీటీజీపీ-7 లాంటి, కొత్త ట్రాకులిచ్చే మాడ్‌లు ఉచితం. 3డీఎస్ ఆట మారియో కార్ట్ 7లో ఒక్క ట్రాక్ మార్చడానికి రోమ్‌తోనే పని లేదు: 3డీఎస్‌లో మార్పులను నడవనిచ్చే లూమా అనే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లలో గేమ్ ప్యాచింగ్ ఆన్ చేసి, ఎస్‌డీ కార్డులో లూమా, టైటిల్స్, ఆట టైటిల్ ఐడీ, రోమ్‌ఎఫ్ఎస్ అనే ఫోల్డర్ల వరసలో ట్రాక్ ఉండే ఎస్‌జెడ్‌ఎస్ ఫైలును దాని అసలు దారిలోనే పెడితే చాలు. ఐడీ చివర 30800 అమెరికాది, 30700 యూరప్‌ది. మీ ఆట ఒక ప్రాంతానిది, ఫోల్డర్ ఇంకో ప్రాంతానిది అయితే ఏమీ మారదు. ఈ ఐదు నిమిషాల పనిని ‘ప్రీమియం లోడెడ్ కార్డు’ అని అమ్ముతున్నారు. కొన్నది స్కూలు పిల్లవాడు. కార్డు మీద 128 జీబీ అని ఉంటుంది, కార్డు సైజును పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో రాసి చూస్తే అందులో పావు వంతు కూడా నిజం కాకపోవచ్చు. నిండిన మర్నాడు సేవ్ ఫైళ్ళు పాడైపోతాయి. వాడు ఎవరిని తిడతాడు? ఉచితంగా ఇచ్చినవాడిని. ఎందుకంటే ఎక్కడో ఒక మూల తుడవడం మర్చిపోయిన పేరు అదొక్కటే కాబట్టి. అలా తిట్లు తిని విసిగి పని ఆపేసే మనిషి వెళ్తూ వెళ్తూ తన ట్రాకులను కూడా తీసేస్తే, మనకు మిగిలేది ఊదా రంగు గడ్డి. సిగ్గుండాలి.

సరే, శాలువా ఎవరికి కప్పాలో తేల్చుకోవడానికి పరీక్ష ఉంది. ‘కొత్త ట్రాక్’ ఉన్న రోమ్‌నూ మీ సొంత డంప్‌నూ రెంటినీ విప్పండి. ఒకే పేరున్న సీఏఆర్‌సీలు బయటికి తియ్యండి. కుదించిన ఫైళ్ళనే పోల్చకండి, ఎల్‌జెడ్77 కుదింపు ఒక్కో పరికరం ఒక్కోలా చేస్తుంది కాబట్టి లోపల ఏమీ మారకపోయినా బైట్లు వేరుగా వస్తాయి. ముందు కుదింపు విప్పి, లోపలి కేసీఎల్, ఎన్‌కేఎం, ఎన్‌ఎస్‌బీఎండీ ఫైళ్ళు మూడింటికీ విడివిడిగా ఎస్‌హెచ్‌ఏ-1 (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె) తీసి చూడండి. మోడల్ మారి, మిగతా రెండూ కలిస్తే మీది సరస్సులో పందెం. మూడూ కలిస్తే మీ చేతిలో ఉన్నది 2005 నాటి ఫిగర్-8. డబ్బిచ్చి కొన్న కార్డైతే వెంటనే వెళ్ళి అడగండి, ఆ షాపు ఎక్కువ కాలం అదే చోట ఉండదు.